ముక్కురాయి మీద మంచు

మంచుకొండ మీది జంతువులకు చలికాలమంటే జారుడు కాలం. కాళ్లకు చెట్టు బెరడు కట్టుకుని, వెనక్కి జారకుండా దాని కింద గరుకు గడ్డి చుట్టుకుని, పొద్దున్నే కొండెక్కుతాయి. పైకి చేరాక గడ్డి విప్పేసి సర్రున కిందికి జారతాయి.

ఒక్కటే కట్టుబాటు. వాలు మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చిన రాయి ఒకటుంది. అది మంచులో పూర్తిగా మునిగేదాకా ఎవరూ జారకూడదు. మునిగిందో లేదో చూసి చెప్పేది ముసలి కొండమేక కొమ్ములవ్వ.

ఆ ఏడు తొలి మంచు పిండి చల్లినట్టు పలచగా పడింది.

"ఇంకెన్నాళ్లవ్వా? ముక్కు కొస ఒక్కటేగా కనపడేది!" అన్నాడు నక్క తోకయ్య.

"కొసైనా ముక్కే కదరా. ఆ వాలు నిండా రాళ్లే. మీ తాత పళ్లు రెండు ఇంకా అక్కడే ఉన్నాయి, వెతుక్కో పో."

అందరూ పకపకా నవ్వారు. తోకయ్యకు ఒళ్లు మండింది. ఎవరూ తొక్కని మంచు మీద తొలి గీత తనదే కావాలని వాడి ఆశ.

మర్నాడు తెల్లారేసరికే ఒక్కడూ కొండెక్కాడు. రాయికి దిగువనున్న మంచంతా తోకతో ఊడ్చి, రాయి మీద కుప్పేసి నున్నగా దిద్దాడు. ఊడ్చిన చోట రాళ్లు తేలాయి. వాటి మీద ఇంత మంచుపొడి చల్లాడు.

'అక్కడికి రాకముందే నేను పక్కకు తిరుగుతాగా, నాకేం!' అనుకున్నాడు.

పొద్దెక్కాక కొమ్ములవ్వ కింది నుంచి చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"మునిగిందిరా. వెళ్లండి," అంది.

పైకి చేరి తోకయ్య గడ్డి ముడి విప్పబోయాడు. పొద్దుట్నుంచీ మంచులో నాని వేళ్లు కొంకర్లు పోయాయి. ముడి ఊడిరాలేదు. పక్కన కుందేలు దూది అప్పుడే సిద్ధమైపోయింది.

"ఇంత ముసలాడివైపోయావేంటి మామా? తొలి గీత నాదే!"

"ఆగవే దూదీ!"

"ఎందుకాగాలి?"

రాళ్లున్నాయన్న మాట గొంతు దాకా వచ్చింది. చెబితే తన పని బయటపడుతుంది. తోకయ్య ఆ మాట మింగేశాడు. అంతలోనే దూది ముక్కురాయి దాటేసింది. టక్కుమని చప్పుడైంది.

దూది వెనక్కాలు విరిగింది.

కొమ్ములవ్వ పరుగున వచ్చి పక్కన కూలబడింది. "నా కళ్లు మసకబారాయే తల్లీ, నేనే నిన్నిలా చేశాను. ఇక నన్నెవరూ అడగొద్దు," అని ఏడ్చింది. తోకయ్య తల వంచుకుని నిలబడ్డాడే గానీ నోరు విప్పలేదు.

నాలుగో రోజున ఉండబట్టలేక అవ్వ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాడు.

"పైనున్నప్పుడు ఒక్క కేక వెయ్యలేకపోయావుట్రా?" అంది అవ్వ.

ఆ వారమే దండిగా మంచు కురిసింది. ముక్కురాయి ఎక్కడుందో కూడా తెలియలేదు. అందరూ కొండెక్కారు. తోకయ్య మాత్రం దూది బొరియ దగ్గరే కూర్చున్నాడు.

"పో మామా, పోయి జారు," అంది దూది, కట్టుకట్టిన కాలు చాపుకుని.

వాడు కదల్లేదు. పైనుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆపదకు ముందు మింగేసిన నిజాన్ని, తర్వాత ఎంత ఏడ్చి చెప్పినా విరిగిన కాలు అతకదు.