మూడు గుమ్మాల ఇల్లు

అనగనగా రాజులూ లేని, రాక్షసులూ లేని ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో గానుగల వీధిలో మట్టిగోడల మిద్దె ఒకటి ఉండేది. నూనె వర్తకుడు గురవయ్య రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇల్లది. గుమ్మం తూర్పుకి. ఆ గుమ్మంలోనే కుడికాలు పెట్టి చెన్నమ్మ కోడలిగా వచ్చింది. పూరిపాకలో పెరిగిన పిల్ల. ఇంత ఇల్లు నాదా అని గోడలు తడిమి చూసుకుని మురిసిపోయింది.

కొన్నాళ్ళకు గురవయ్యకు ఆశ పుట్టింది. నువ్వులనూనెలో చవక నూనె కలిపాడు. జనానికి నాలుకలు లేవా మరి? బేరాలు పడిపోయాయి. గురవయ్య వాస్తు చూసే సిద్ధాంతిని పిలిపించాడు. తూర్పు గుమ్మం మీకు అచ్చిరాలేదన్నాడాయన.

"తప్పు గుమ్మానిది కాదు మామయ్యా, నూనెది" అంది చెన్నమ్మ.

"చిన్నదానివి, నీకు తెలియదులే అమ్మా."

తూర్పు గుమ్మం చెక్కలతో మూయించి, ఉత్తరపు గోడ తొలిపించి గుమ్మం పెట్టించాడు. కల్తీ మాత్రం మానలేదు. ఆ దిగులుతోనే పోయాడు.

ఇల్లు కొడుకు సాంబయ్య చేతికి వచ్చింది. చెన్నమ్మ మొగుడే. మనిషి మంచివాడే గానీ పేకాట పిచ్చి. పొలం పోయింది, చెన్నమ్మ మెళ్ళో గొలుసూ పోయింది. అంతా ఉత్తరం గుమ్మం వల్లేనన్నాడు. "ముక్కలు ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను" అని చెన్నమ్మ అతని కాళ్ళు పట్టుకుంది. వింటేనా? పడమటి గోడ తొలిచాడు. ఆ ఏడే కప్పు కింద గోడ వేలు దూరేంత బీట తీసింది. చెన్నమ్మ మట్టి మెత్తింది. వానకు అది మళ్ళీ తెరుచుకుంది. తర్వాత సాంబయ్యా పోయాడు.

మిగిలినవాడు వాళ్ళ కొడుకు బసవలింగం. బారెడు పొద్దెక్కాక లేచే మహానుభావుడు. కొట్టు తాళం తియ్యడు, పెళ్ళాంబిడ్డలు గంజితో సరిపెట్టుకున్నారు. వాడూ సిద్ధాంతి దగ్గరికే పరిగెత్తాడు. దక్షిణపు గోడ తొలిస్తే దశ తిరుగుతుందట.

చెన్నమ్మ పలుగుకు అడ్డంగా నిలబడింది.

"ఒరే నాయనా, మూడువైపులా గుమ్మాలే. మిగిలిన గోడ ఇదొక్కటే. ఇదీ పోతే కప్పు దేనిమీద నిలుస్తుందిరా? కొట్టు తెరువు, చాలు. గానుగ నేను తిప్పుతాను."

"పక్కకి జరగవే అమ్మా" అన్నాడు వాడు.

కోడలు ఒక చేత్తో పిల్లనెత్తుకుని, ఇంకో చేత్తో అత్తగారిని వీధిలోకి లాక్కుపోయింది. నాలుగు పోట్లు పడ్డాయో లేదో దూలం పెళ్ళుమంది. బసవలింగం ఒక్క గెంతున బయటపడ్డాడు. వాడి వెనకాలే మిద్దె మొత్తం కూలింది.

చెన్నమ్మ ఆ దుమ్ములోనే కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. ఇక తల దాచుకునే చోటే లేదు. ఇరుగుపొరుగు వచ్చి, అయ్యో అని వెళ్ళిపోయారు. కాసేపటికి కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇప్పటికైనా తెలిసొచ్చిందేమోనని ఆమె తలెత్తి చూసింది.

"స్థలమే మంచిది కాదే అమ్మా" అన్నాడు వాడు. "తాతయ్య చూసుకోకుండా కట్టేశాడు."

చెన్నమ్మకు ఏడుపు కూడా ఆగిపోయింది.

తన తప్పును గోడమీదికి నెట్టేవాడికి ఏ ఇల్లూ నిలవదు పిల్లలూ.