సింగారమ్మ దూది మూత

అనగనగా, వానలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఓ ఏటి ఒడ్డున సింగారమ్మ, ఎర్రయ్య అని కుమ్మరి దంపతులు ఉండేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఎక్కడ చిన్న సందడి వినబడినా సింగారమ్మ పని ఆపి చెవులు రిక్కించేది.

ఏడాది తొలి వాన కురిసిన సాయంత్రం రెక్కల చీమ ఒకటి తేలుతూ వచ్చి ఆమె అరచేతిలో వాలింది. రెక్కలు రాల్చేసి ఇలా అంది:

"అమ్మా, నేను చీమల రాణిని. నాకో చీకటి గది, ఓ తడిగుడ్డ చాలు. రెక్కలు మోసిన కండే ఒంట్లో కరిగి నాకు కూడవుతుంది, వేరే తిండి వద్దు. నా పిల్లలు వాళ్ళంతట వాళ్ళు బయటికొచ్చేదాకా మూత తీయకు."

"అయ్యో, ఆ మాత్రం ఆగలేనా!" అంది సింగారమ్మ. బొటనవేలంత కుండలో తడిగుడ్డ పరిచి, రాణిని ఉంచి, మూతికి దూది పెట్టింది.

మూడు రోజులు ఆగింది. "పాపం, ఆకలేస్తుందేమో" అని దూది తీసి బెల్లం ముక్క వేసింది. ఒక్కసారిగా వెలుతురు పడేసరికి రాణి హడలిపోయి, పెట్టిన గుడ్లన్నీ తనే మింగేసింది.

"ఎంత పని చేశావమ్మా! సరే, మళ్ళీ పెడతాలే" అంది.

సింగారమ్మ ఈసారి వారం ఆగింది. "ఎన్ని పెట్టిందో ఒంటికన్నుతో చూస్తే ఏం పోతుంది?" అని తొంగిచూసింది. ఏం పోయిందంటారా? ఆ గుడ్లూ పోయాయి!

ఈసారి రాణి గొంతు నీరసించింది. "ఇంకొక్క కాన్పుకే సత్తువుంది తల్లీ. అదీ పోతే నేనూ పోతాను. కుండలు కాల్చేదానివి, ఆవం చల్లారకముందే ఎప్పుడైనా తెరిచావా?"

"లేదమ్మా, కుండలు పగిలిపోతాయి" అని సింగారమ్మ బావురుమంది. కుండని అటకమీద చీకట్లో పెట్టేసింది.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. కుండలో చడీచప్పుడూ లేదు.

"చచ్చిపోయుంటుందే. తీసి చూడు" అన్నాడు ఎర్రయ్య.

ఆమె చెయ్యి అటకవైపు లేచింది. గబుక్కున రెండు చేతులూ మోచేతులదాకా తడిమట్టిలో దూర్చేసింది.

"నువ్వూరుకోవయ్యా! ఆవం ఇంకా చల్లారలేదు" అంది.

ఓ మధ్యాహ్నం సారె తిప్పుతూ తిప్పుతూ కునుకు తీసింది. చేతిమీద చక్కిలిగింత. కళ్ళు తెరిస్తే, నూగింజంత చీమపిల్ల! దాని వెనకొకటి, దాని వెనకింకొకటి, దూది తొలుచుకుని అటకమీంచి బారులు తీరి దిగుతున్నాయి.

"అమ్మమ్మా, బెల్లమేదీ?" అంది మొదటిది.

సింగారమ్మ ఏడుస్తూ నవ్వుతూ బెల్లం కుండకోసం పరిగెత్తింది.

చూశారా పిల్లలూ! ప్రేమగా పెట్టడం అందరికీ వచ్చు. ప్రేమతో చెయ్యి ఆపుకోవడమే నేర్చుకోవాలి.