మర ఆపే సైగ

అసిరినాయుడు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. జవాబు అనేది కూర్చున్నచోట దొరకదని ఆయన నమ్మకం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడిగిన పాపానికి ఓసారి నన్ను రైల్వే గేటు దగ్గర మధ్యాహ్నమంతా నిలబెట్టారు. ఆయన దగ్గర గోల్‌కీపరుగా తయారైనవాణ్ణి నేను. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఆట మానేశాను, ఆట గురించి మాట్లాడడం మాత్రం మానలేదు. కాబట్టి ఈ సంగతి నా నోట కాస్త ఉప్పూకారంతోనే వస్తుంది, సర్దుకోండి.

ఒక బుధవారం పొద్దున శివున్నాయుడు వచ్చాడు. మా మిల్లుపేట ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డు వాడు. నోరు నెమ్మది, కాలు చురుకు. అలాంటివాడు ఆ పూట నమస్కారం కూడా మరిచిపోయి, అరుగెక్కుతూనే అడిగేశాడు.

"మాస్టారూ, నేను చేతులెత్తాను. వాళ్లు రాళ్లేశారు. తప్పెవరిదండీ? ఆడేవాడు ఆడి ఊరుకోవాలా? గుండెలో ఉన్నది మైదానంలో చూపించకూడదా?"

ఈ ప్రశ్న వెనకున్న కథ చెప్పకపోతే మీకు అర్థం కాదు. మాది జూట్ మిల్లు ఊరు. మగ్గాలు తిరిగే షెడ్డులో చెవి దగ్గర అరిచినా వినబడదు, అందుకని లోపల అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. టీకి వెళ్తున్నానని ఒక సైగ. సూపర్‌వైజరు వస్తున్నాడని ఒక సైగ, దానికి లేని మీసం మెలేస్తే చాలు. ఇంటికెళ్లాక కూడా అలవాటు పోక, పెళ్లాంతో సైగలు చేసి తిట్లు తినేవాళ్లు మా పేటలో బోలెడుమంది. అన్నిటికన్నా పెద్ద సైగ ఒకటుంది. రెండు చేతులూ తల మీదికెత్తి మణికట్లు అడ్డంగా కలుపుతారు. మరలో మనిషి పడ్డాడు, ఆపండి, అని దానర్థం. అది కంటబడ్డవాడు ఎవరు, ఎందుకు అని అడగడు. ముందు ఆపుతాడు, తర్వాతే అడుగుతాడు.

శివున్నాయుడి బావ, అంటే వాడి అక్క రత్నాలు మొగుడు, మొన్న వేసవిలో రోలర్ల మధ్య పడ్డాడు. పక్కవాడు చేతులెత్తాడు. కానీ స్విచ్చి దగ్గర ఉండాల్సిన మనిషిని మిల్లువాళ్లు అంతకుముందే తీసేశారు, ఎత్తిన చేతులు చూసే దిక్కు లేకపోయింది. మనిషి పోయాక పనివాడి అజాగ్రత్త అని తేల్చేశారు. అజాగ్రత్తట! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. జట్టంతా చేతికి నల్లగుడ్డ కట్టుకుని ఆడతామంటే, జట్టు పేరులో మిల్లు పేరుంది కాబట్టి అదీ కూడదన్నారు.

అందుకని దిబ్బలపాలెం జట్టు మీద గోలు కొట్టగానే శివున్నాయుడు తిన్నగా ఎదురుగా కనబడ్డ తూర్పు మెట్ల ముందుకి పరిగెత్తి ఆ సైగ చేశాడు. తూర్పు మెట్ల మీద కూర్చునేది దిబ్బలపాలెం జాలరి జనం. సముద్రం మీద బతికేవాళ్లకి మగ్గాల షెడ్డు సైగ ఏం తెలుస్తుంది? గోలు కొట్టింది చాలక తమ మొహాల మీదికొచ్చి వెక్కిరిస్తున్నాడనుకున్నారు. కేకలు లేచాయి. ఆ వెనక గాల్లోకి ఏవేవో లేచాయి. ఆట ఆగిపోయింది. ఆ పాలెం గోల్‌కీపరు ఎల్లాజీ అని ఉన్నాడు, వాడి తల్లి దానమ్మకి నుదురు చిట్లింది.

ఆ రోజు నుంచీ రత్నాలు తమ్ముడితో మాట్లాడలేదు. "మీ బావ పేరు చెప్పి ఇంకో ఆడదాని రక్తం కళ్లజూశావు" అని ఒక్క మాట అని, వంటింట్లోకి వెళ్లిపోయిందట. వచ్చే ఆదివారం అదే ఆట మళ్లీ ఆడించాలని పెద్దలు తీర్మానించారు. మళ్లీ చేతులెత్తితే మళ్లీ ఎవరి తల పగులుతుందో. ఎత్తకపోతే బావ చావు అజాగ్రత్త కిందే ఉండిపోతుంది. ఇదీ ఆ కుర్రాడి ప్రాణానికొచ్చిన చిక్కు. వాడికి అన్నం సయించడం లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

మాస్టారు అంతా విని చెప్పులు వెతుక్కున్నారు. వాణ్ణీ, పనీపాటూ లేని నన్నూ వెంటేసుకుని దిబ్బలపాలెం దారి పట్టారు. ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే మా ఇద్దరికీ ఆయాసం. ఆయనకి మాత్రం ఏమీ లేదు.

దానమ్మ ఇంటి ముందు నీడలో కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తోంది. నుదుటికి కట్టు ఉంది. శివున్నాయుణ్ణి చూడగానే పోల్చింది. "ఎవురు? ఆ సేతులెత్తినోడేనా?" అంది. వాడు నేల చూశాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను, కత్తిపీట ఆవిడ దగ్గరుంది మరి.

మాస్టారు ఆ పక్కనే తాపీగా చతికిలబడి, "దానమ్మా, వీడికో అనుమానం ఉంది. నీకూ ఒకటి ఉండే ఉంటుంది. ముందు నీది అడుగు" అన్నారు.

ఆవిడ ఎదురుచూస్తున్నట్టే అడిగింది. "అదేటి బాబూ, ఆ సేతులు అలాగెత్తినావు? నా కొడుకు గోలిచ్చేసి సిగ్గుతో సచ్చిపోతంటే, మా మీదకొచ్చి ఏటది?"

శివున్నాయుడు చేతులెత్తి, మణికట్లు కలిపి చూపించాడు. ఆ తర్వాత షెడ్డు చప్పుడు గురించి, రోలర్ల గురించి, బావ గురించి చెప్పాడు. దానమ్మ కోయడం ఆపేసి వింది.

"పక్కోడు సేతులెత్తినాడా?"

"ఎత్తాడమ్మా."

"ఎవుడూ సూడ్నేదా?"

"చూడాల్సినచోట ఎవర్నీ ఉంచలేదమ్మా."

"ఓలమ్మో!" అంటూ ఆవిడ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆ మాట ముందు సెప్పాల గదా నాయనా! సెప్పకపోతే మాకేటి తెలుస్తాది?"

అంత ఆదరంగా అనేసరికి వాడికి కాస్త ధైర్యం వచ్చింది. "నేను చెప్పకపోవడం తప్పేనమ్మా. కానీ మీవాళ్లు రాళ్లేయడం ఏమిటి?" అన్నాడు.

దానమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది. "రాళ్లా? మా పాలెంలో రాయెక్కడుంది నాయనా? ఎంత తవ్వినా ఇసకే. మావోళ్లు సెప్పులేసినారు, నీళ్ల పేకెట్లేసినారు. నానూ ఓ సెప్పు ఇసిరినాను, అబద్ధమెందుకు. అది మళ్లీ దొరకనేదు." అని లోపలికెళ్లి ఏదో తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "నాకు తగిలింది ఇదీ."

నల్లగా, నిండా చిల్లులతో ఉంది అది. మా మిల్లు బాయిలర్లో బొగ్గు కాలిపోయాక మిగిలే చిట్టెం. మా జనం కూర్చునే పడమటి మెట్ల వెనక గుట్టలుగా పోసి ఉంటుంది. దిబ్బలపాలెం వాళ్లకి అది ముట్టుకునే అవకాశం కూడా లేదు. శివున్నాయుడు దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. నేను మాత్రం ఆ పూట సముద్రాన్ని చాలా శ్రద్ధగా చూశాను.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో వాడు ఆగిపోయాడు. "అయితే తప్పు మాదేనా మాస్టారూ?"

"ఆట ఇంకా ఉంది కదరా" అన్నారు ఆయన.

ఆదివారం మైదానం కిటకిటలాడింది. పోలీసులు లాఠీలతో సహా హాజరు. మిల్లు ఆఫీసర్లు షామియానా కింద కుర్చీల్లో ఉన్నారు. రెండు జట్లూ నడి మైదానంలో నిలబడ్డాయి. ఇంకా ఈల పడలేదు. అంతలో తూర్పు మెట్ల మీద దానమ్మ లేచింది. నుదుటి కట్టు మీదుగా రెండు చేతులూ పైకెత్తి, మణికట్లు కలిపింది. ఆవిడ పక్కనున్న ఆడవాళ్లు లేచారు, వాళ్ల వెనక మగవాళ్లు లేచారు. కాసేపటికి ఆ మెట్ల మీద ఎత్తని చెయ్యి లేదు. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ పాలెమంతా తిరిగి చెప్పిందన్నమాట.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కానీ నాకు తెలిసిన సంగతి మా పడమటి మెట్లకి తెలియదు కదా! "మన చచ్చినోణ్ణి చూపించి వెక్కిరిస్తార్రా!" అని ఎవడో గావుకేక పెట్టాడు. ఇంకేముంది, జనం లేచిపోయారు. కొందరు వెనక్కి, ఆ చిట్టెం గుట్టల కేసి పరిగెత్తారు. "కాదర్రా, అది కాదర్రా!" అని గొంతు చించుకున్నాను. షెడ్డులో అరిచినట్టే అయింది. పోలీసులు లాఠీలు సరిచేసుకుంటున్నారు.

శివున్నాయుడు అప్పటిదాకా తూర్పు మెట్ల కేసే చూస్తూ, కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉన్నాడు. వెనకాల రేగిన గోల విని తిరిగాడు. చిట్టెం పట్టుకున్న చేతులు కనబడ్డాయి వాడికి. బంతి వదిలేసి ఒక్క పరుగున పడమటి మెట్ల ముందుకొచ్చాడు. మా అందరికీ ఎదురుగా నిలబడి, చేతులెత్తి మణికట్లు కలిపాడు.

మాటక్కర్లేకపోయింది. ఏళ్ల తరబడి ఆ సైగ చూస్తే ఆగిపోవడం నేర్చుకున్న ఒళ్లు అవి. బుర్రకి ఎక్కకముందే చేతులు ఆగిపోయాయి. అందరికన్నా ముందున్నది సిమ్మయ్య, మగ్గాల షెడ్డులో నెరిసినవాడు. పైకెత్తిన చిట్టెం కిందికి దించి, అలవాటు కొద్దీ, "ఎవర్రా పడింది?" అని అడిగాడు.

"ఇంకా ఎవరూ పడలేదు బాబాయ్. అందుకే ఎత్తాను" అన్నాడు శివున్నాయుడు.

తర్వాత చెప్పాడు, తూర్పు మెట్లు ఎందుకు చేతులెత్తాయో. ఆ మాట ముందు వరస నుంచి పై వరస దాకా పాకింది. సిమ్మయ్య చిట్టెం పారేసి, చెయ్యి పంచెకి తుడుచుకుని, తూర్పు కేసి తిరిగి చేతులెత్తాడు. ఆ వెనక మా పేటంతా ఎత్తింది. మైదానానికి ఇటూ అటూ ఒకే సైగ. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోవడం దేనికి? షామియానా కింద ఆఫీసర్లకి మాత్రం ఉన్నట్టుండి ఫోన్లు చూసుకునే పని తగిలింది.

ఆట మేం ఓడిపోయాం. శివున్నాయుడు ఎడమ కాలితో కొట్టిన బంతిని ఆ ఎల్లాజీ గాడు గాల్లో ఈది మరీ పట్టాడు. గోల్‌కీపరుగా మెచ్చుకున్నాను, మిల్లుపేటవాడిగా తిట్టుకున్నాను. శివున్నాయుడు ఇంటికెళ్లేసరికి రత్నాలు గుమ్మంలో నిలబడి ఉందట. "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగిందట. లేదన్నాక కంచం పెట్టి, తనూ ఎదురుగా కూర్చుందట.

మర్నాడు వాడు మళ్లీ మాస్టారి అరుగెక్కాడు. మొహం తేటగానే ఉంది గానీ అనుమానం పూర్తిగా పోలేదు.

"తప్పెవరిదో మీరు చెప్పనే లేదండీ."

మాస్టారు పంపుతో బంతికి గాలి కొడుతున్నారు. తలెత్తకుండానే, "షెడ్డులో ఆ సైగ ఎటు తిరిగి చేస్తార్రా?" అన్నారు.

"స్విచ్చి దగ్గరున్నవాడి కేసి. ఇంకెటు చేస్తారండీ?"

ఆయన పంపు తీసేసి, బంతిని బొటనవేళ్లతో నొక్కి చూశారు. సరిపోయినట్టుంది. దాన్ని వాడి చేతుల్లో పెడుతూ అన్నారు:

"మొదటి ఆటలో స్విచ్చి మన మెట్ల మీద, నీ వీపు వెనకాల ఉండిపోయిందిరా."