ఈకలు పీక్కునే కాకతువ్వ

అనగనగా, సముద్రం పొద్దున్నే వచ్చి గుమ్మం కడిగిపోయే ఒక రాజ్యం. దాన్ని మణికేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు హేలావతి. మాటకు మాట అనకుండా ఊరుకునే పిల్ల కాదు.

ఆ రాజ్యంలో అందరి బతుకూ పడవల మీదే. అలాంటిది, వెళ్ళిన పడవ తిరిగి రావడం మానేసింది. ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడు పడవలవాళ్ళను శిలలుగా మార్చి తన తోటలో నిలబెట్టుకుంటున్నాడట. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదట, ఒక కాకతువ్వలో ఉందట. కాకతువ్వంటే చిలక లాంటిదే, కాకపోతే ఒళ్ళంతా తెలుపు. నెత్తిన పచ్చటి కుచ్చు, కోపమొస్తే విసనకర్రలా విచ్చుకుంటుంది.

"దాని మెడ విరిచి వస్తా," అని పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు. రాలేదు. "నేను విరుస్తా," అని చిన్నన్న వెళ్ళాడు. రాలేదు. మేనత్త కొడుకు వసంతుడు, హేలావతికి కాబోయేవాడు, "మరదలా, ముహూర్తం పెట్టించు, ఇలా వెళ్ళి అలా వస్తా," అని నవ్వుతూ వెళ్ళాడు. అతనూ రాలేదు.

"ముగ్గురూ కత్తితో వెళ్ళి ముగ్గురూ రాళ్ళయ్యారు. నాలుగో కత్తి దేనికి నాన్నా?" అంది హేలావతి. రాజు వద్దనేలోపే ఒట్టి చేతులతో తీరం చేరింది.

అక్కడ ఒక ముసలి తాబేలు ఎండ కాచుకుంటోంది.

"అవ్వా, నన్ను ఏడు సముద్రాలూ దాటిస్తావా?"

"దాటించడానికేం, నిద్దట్లో కూడా దాటిస్తా. ఆ పాడు దీవికి ఎందుకే తల్లీ? ఆ పిట్ట అరుపు నీళ్ళ అడుగున నాక్కూడా వినిపిస్తోంది. తిండి మానేసి చావబోతోందట. అది చస్తే వాడూ చస్తాడు, పీడ పోతుంది."

"వాడు చస్తే శిలల్ని ఎవరు లేపుతారు?"

తాబేలు మెడ లోపలికి లాక్కుని ఆలోచించింది. "ఎవరూ లేపలేరే. మంత్రం వీడకుండా వాడు పోతే, రాయి రాయే."

"అయితే త్వరగా ఎక్కించుకో."

తాబేలు సాగింది. ఒక సముద్రం కర్పూరం వాసన వేసింది. ఒక సముద్రంలో అలలే లేవు, మబ్బులు నీళ్ళ కింద ఈదుతున్నాయి. ఒక సముద్రంలో చేపలు కూనిరాగాలు తీస్తున్నాయి. మిగిలిన నాలుగూ హేలావతి కలలో దాటినట్టే దాటింది.

దీవి తోట నిండా శిలలు. వసంతుడి పెదవి మీద ఆ నవ్వు అలాగే గడ్డకట్టి ఉంది. హేలావతి ఆ రాతి చెంప నిమిరింది. అంతలో లోపల్నుంచి చెవులు చిల్లులు పడేలా ఒక అరుపు, వెనకే ఎర్రటి కళ్ళతో ధూమకేశుడు.

"ఎవతెవే నువ్వు? కత్తి ఏది?"

"కత్తి లేదు తాతా. నీ పిట్టను సాకడానికి వచ్చా."

మాంత్రికుడు దగ్గరికొచ్చాడు. "సాకగలవా? నేతిలో వేయించిన జీడిపప్పు బంగారు గిన్నెలో పెట్టినా విసిరి కొడుతోంది. ఒకటే అరుపు. గుండె మీద ఒక్క ఈక ఉండనివ్వడం లేదు. అది పస్తుంటే నాకు శోష వస్తోంది పిల్లా."

"మూడు జబ్బులన్నమాట. ఒక్కోటి మాన్పితే, నేను చూపించిన శిలను ఒక్కోటి లేపాలి."

"మాన్పలేకపోతే?"

"నేనూ శిలనవుతా."

మొదటి జబ్బు తిండి. ధూమకేశుడు పంజరం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "తినమ్మా, తినవే," అని బతిమాలుతున్నాడు. హేలావతి నవ్వింది.

"నిన్నొక్కణ్ణే కూచోబెట్టి, ఎదురుగా నిలబడి నోట్లోకి చూస్తుంటే నీకు ముద్ద దిగుతుందా తాతా? ఇది గుంపులో బతికే పిట్ట. దీనికి బంతి భోజనం కావాలి."

నేల మీద మూడు ఆకులు వేసింది. ఉడికిన మొక్కజొన్న, మునగాకు, జామపండు ముక్కలు, పచ్చిమిరపకాయలు వడ్డించింది. పంజరం తలుపు తీసి తన ఆకు ముందు కూచుంది. "దాని వైపు చూడకు. తిను." తనే ముందు మిరపకాయ కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, "అబ్బ, ఏం రుచి!" అంది. కాకతువ్వ మెడ వంచి చూసింది. ఒక్కో అడుగూ వేస్తూ దిగింది. మిరపకాయ కాలితో పట్టుకుని, గింజలు కూడా వదలకుండా నమిలేసింది. ఆ తర్వాత మాంత్రికుడి ఆకులోంచి జామముక్క ఎత్తుకుపోయింది.

హేలావతి వేలు చూపించింది, తోటలో పెద్దన్న తుమ్మాడు. "నా కత్తేది?"

"ముందు కూచుని తిను అన్నా."

రెండో జబ్బు అరుపు. పిట్ట అరవగానే మాంత్రికుడు పరుగెత్తబోయాడు. హేలావతి వాడి గడ్డం పట్టుకుని కూచోబెట్టింది. "అరిస్తే వస్తావని దానికి నేర్పిందెవరు? నువ్వే. మెల్లగా పలికినప్పుడు వెళ్ళు." పిట్ట ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఎవరూ కదల్లేదు. మాంత్రికుడు చెవులు మూసుకుని చెమటలు కక్కాడు. చివరికి పిట్ట విసిగి, "కుర్ర్," అని గొణిగింది. "ఇప్పుడు పరుగెత్తు!" రోజూ ఇదే పని. అరుపు తగ్గింది, గొణుగుడు మిగిలింది. చిన్నన్న ఒళ్ళు విరుచుకుని లేచాడు.

మూడో జబ్బు ఈకలు పీక్కోవడం. చీల్చుకోడానికి కొబ్బరిపీచు ఇచ్చింది, కొరకడానికి తాటిమట్ట ఇచ్చింది. పగలు బాగానే ఉండేది. పొద్దుగూకగానే మాంత్రికుడు చుట్టూ నూరు దీపాలు వెలిగించేవాడు, పిట్ట మళ్ళీ గుండె పీక్కునేది.

"దీపాలు ఆర్పు తాతా. దానికి నిద్ర కావాలి."

"ఆర్పను! అది నిద్రపోతే నాకూ నిద్ర ముంచుకొస్తుంది. నేను నిద్రపోయానో, నా మంత్రాలన్నీ కరిగిపోతాయి. ఇన్నేళ్ళుగా కునుకు తీయకుండా కాపాడుకున్నవే అవి!"

"సరే, వెలగనీ. ఈకలయ్యాక తోలు పీక్కుంటుంది. నెత్తురు కారి చస్తుంది. అప్పుడు నువ్వు?"

మాంత్రికుడు దీపాలకు అడ్డంగా నిలబడ్డాడు.

"చచ్చాక నీకు మంత్రాలు దేనికి? బతికుంటే అవి లేకపోతే ఏం? రెంట్లో ఒకటి తేల్చు. మూడో దారి ఉంటే అదీ చెప్పు, వింటాను."

మాంత్రికుడు మూడో దారి వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు. ఇంతలో పిట్ట ఇంకో ఈక లాగింది, తెల్లటి గుండె మీద ఎర్రటి చుక్క. వాడు తన గుండె పట్టుకుని మూలిగాడు. మొదటి దీపం తనే ఊదాడు.

ఒక్కొక్క దీపమే ఆరింది. కాకతువ్వ ఒక కాలు పైకి ముడుచుకుంది, ముక్కు వీపులో దాచుకుంది. మాంత్రికుడు కూచున్నచోటే ఒరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకున్నాడు. వాడి నోట్లోంచి మంత్రాలు సన్నటి పొగలా వెలువడి, సంజ వెలుగులో సముద్రం మీదికి తేలిపోయాయి. తోటంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. శిలలన్నీ మనుషులయ్యాయి.

"మరదలా, ముహూర్తం పెట్టించావా?" అన్నాడు వసంతుడు.

"ఎలా పెట్టించను బావా? పెళ్ళికొడుకు రాయిలా నిలబడిపోతేనూ!"

పెద్దన్న కత్తి ఎత్తాడు. "ఇదే అదను." హేలావతి అడ్డం నిలబడింది.

"మంత్రం లేని ముసలాణ్ణి, నిద్రపోతున్న పిట్టను నరకడమూ ఒక వీరమేనా? నా పక్కన కూచుని తిన్నది అన్నా అది. నరకాలంటే ముందు నన్ను నరుకు."

పెద్దన్న కత్తి దించాడు.

తెల్లారి, దీవి ఒడ్డున ఆగిపోయిన పడవలన్నీ కదులుతుంటే కాకతువ్వ ఎగిరొచ్చి తెరచాప కొయ్య మీద వాలింది. వెనకే ధూమకేశుడు, నిద్రకు ఉబ్బిన మొహంతో, నీళ్ళలోకి దిగాడు.

"నా ప్రాణం అక్కడెక్కి కూచుంది. నేనెక్కడుండను?"

"ఎక్కు తాతా. తెడ్డు వెయ్యడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకో."

హేలావతికి, వసంతుడికి సముద్రపుటొడ్డునే పెళ్ళయింది. వద్దంటే వద్దని అన్నలిద్దరూ సింహాసనం చెల్లెలికే వదిలేశారు. జుట్టు వెండిగా మెరిసేదాకా ఆమే ఏలింది. ఆ ఏలుబడిలో, వెళ్ళిన ప్రతి పడవా ఇల్లు చేరింది.