కోటిలింగం తడిమిన టికెట్టు

దీన్ని మొట్టమొదట నాకు చెప్పింది గీకుడు లాటరీ టికెట్లమ్మిన సత్తారు. ఆ రోజు బల్ల వెనకాల ఉన్నది అతను. తర్వాత కథలు చెప్పినవాళ్ళెవరూ అక్కడ లేరు.

మా నాసరయ్య గురువుగారి శిష్యుడు కోటిలింగం కుండలు చేసేవాడు. కాలిన కుండని వేలితో మీటి, అది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పగల మనిషి. ఆ చేతిమీద నమ్మకమే అతని కొంప ముంచింది. టికెట్ల కట్టలో బొటనవేలు పెట్టి తడిమి, ఒకటి లాగి, "ఇది పలుకుతోంది" అనేవాడు. గీకితే పైపూత బూడిదై రాలేది, బహుమతి మాత్రం తగిలేది కాదు. అయినా, పోయినకొద్దీ ధైర్యం పెరిగేది. ఇన్ని గీకినా పెద్ద బహుమతి తగల్లేదంటే అది మిగిలినవాటిలోనే ఉందని అతని వాదన. నేనూ చెప్పి చూశాను. విననివాడికి చెప్పడమంత దండగ ఇంకోటి లేదు.

అలా మూడు రోజులు ఆ బల్ల దగ్గరే కూచున్నాడు. ఇంటి దగ్గర వీరరాఘవయ్యగారి పెళ్ళికి ఐరేని కుండలు కాలి ఉన్నాయిగాని, వాటికి సున్నమూ ఎర్రజాజూ పెట్టి పువ్వులు దిద్దలేదు. తెల్లారితే పెళ్ళివారు మేళంతో వచ్చి తీసుకెళ్ళాలి. బోడి కుండలు పెళ్ళిపందిట్లో పెట్టరు. తాతలనాటి నుంచి ఆ ఇంటికి కుండలిచ్చే వాడుక వీళ్ళది. ఒక్కసారి వట్టి చేతులతో తిప్పి పంపితే వాళ్ళు ఇంకో వాకిలి చూసుకుంటారు.

ఆ మధ్యాహ్నం గురువుగారు బస్టాండు దారిన వస్తుంటే కోటిలింగం ఎదురెళ్ళి అడిగాడు.

"స్వామీ, లోపం నా చేతిలో ఉందా, నా రాతలో ఉందా?"

ప్రశ్న అడిగినవాడికే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. బల్ల దాకా వచ్చి, దానిమీద చెయ్యి ఆనించి సత్తారుని అడిగారు.

"ఏం సత్తారూ, పెద్ద బహుమతి ఎవరిదో ఎప్పుడు తేలుస్తారు?"

"ఇప్పుడు తేల్చేదేముంది స్వామీ. ఒక్కో ఆటకి పెద్ద బహుమతులు ఎన్ని ఉండాలో ముందే అనుకుంటారు. ఈ ఆటకి మూడు. ఆ మూడూ ప్రెస్సులోనే అచ్చేసి, పైన పూత పూసి, లక్షల టికెట్లలో కలిపేసి, కట్టలు కట్టి ఊళ్ళకి పంపుతారు. ఏ కట్టలో పడిందో నాకూ తెలీదు, నాకు పంపినవాడికీ తెలీదు."

"ఇంకా ఉన్నాయా ఆ మూడూ?"

సత్తారు తల గోక్కున్నాడు. "మూడోది కూడా పోయిన వారమే ఎక్కడో తగిలిందని ఏజెంటు చెప్పాడు స్వామీ."

కోటిలింగం ముఖం మాడిపోయింది. "మరింకా ఎందుకమ్ముతున్నావురా?"

"చిన్నవి ఉన్నాయిగా లింగమన్నా. టికెట్లు అయిపోయేదాకా బోర్డు దించరు. అయినా నువ్వడిగావా? కుండని మీటినట్టు మీటుతుంటే, నీ విద్యేదో నీకుందనుకున్నా."

ఇంత విన్నాక కూడా చేతిలో ఉన్న టికెట్టు వదల్లేదా మహానుభావుడు. "ఎలాగూ కొన్నాను, ఇదొక్కటి గీకి వస్తాను స్వామీ" అన్నాడు.

గురువుగారు అతని బొటనవేలి వంక చూశారు. గోట్లో మట్టి లేదు, బూడిద ఉంది.

"అది నువ్వు తడమకముందే తేలిపోయింది, లింగం. నీ వాకిట్లోది ఇంకా తేలలేదు."

అంతే అని, తన దారిన వెళ్ళిపోయారు. కోటిలింగం టికెట్టు బల్లమీద పడేసి ఇంటికి పరుగెత్తాడు. తెల్లారి మేళం అతని వాకిట్లోకే వచ్చింది. జాజు ఇంకా తడిగానే ఉన్న కుండల్ని ముత్తైదువలు నెత్తికెత్తుకున్నారు.

భజన మండలి నడిపే పానకాలు గురువుగారి మీద అచ్చువేయించిన పుస్తకంలో మాత్రం గురువుగారు ఆ ఆఖరి టికెట్టుకి విభూతి రాశారనీ, దానికి పెద్ద బహుమతి తగిలిందనీ ఉంది. రాయలేదు. తగల్లేదు. ఆ టికెట్టు ఎవరూ గీకనేలేదు. పదకొండేళ్ళుగా చెబుతున్నాను, పానకాలు నవ్వి ఊరుకుంటాడు. నాకు అక్షరాలు కూడబలుక్కునేపాటివే వచ్చు. బాగా చదువుకున్నవాళ్ళెవరైనా పూనుకుని ఆ పేజీ దిద్దించండి.