కబురు చేస్తాం

కంబగిరి చేతి వంటకు వంక పెట్టినవాడు లేడు. అతనికి పని ఇచ్చినవాడూ లేడు.

టౌనులో ఒక భోజన హోటల్లో పదేళ్ల పైన పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. ఒకనాటి మధ్యాహ్నం, బల్లలన్నీ నిండి ఉండగా, సాంబారులో బొద్దింక వచ్చిందని గొడవయింది. యజమాని వంటింట్లోకి వచ్చి, అందరికీ వినపడేట్టు కంబగిరిని నానా మాటలూ అన్నాడు. ఆ సాంబారు కాచింది యజమాని బామ్మర్ది కొడుకని లోపలున్న అందరికీ తెలుసు. యజమానికీ తెలుసు. కంబగిరి గరిటె అక్కడే పెట్టి, తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు.

అన్నాళ్లూ అతను పడుకున్నది ఆ హోటలు అటక మీదే. నవ్వినా, పోట్లాడినా ఆ వంటింటి మనుషులతోనే. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కా పోయింది. పని పోయిన రోజే, "తిన్నావా కంబగిరీ" అని అడిగే నోళ్లు కూడా పోయాయి.

ఆ తర్వాత మెస్సులకు పోయాడు, క్యాంటీన్లకు పోయాడు, పెళ్లి వంటలు ఒప్పుకునేవాళ్ల దగ్గరికి పోయాడు. ఆ వైపు ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వంటవాడు వస్తే బిర్యానీ చెయ్యమనరు, గుత్తొంకాయ చెయ్యమనరు. పప్పు చెయ్యమంటారు. మసాలా దట్టించి ఏ కూరనైనా ఒడ్డెక్కించొచ్చు గానీ, పప్పు దగ్గర ఎంత మొనగాడైనా దొరికిపోతాడని వాళ్ల నమ్మకం. కంబగిరి పప్పు చేసేవాడు. వాళ్లు వేళ్లు నాక్కునేవాళ్లు. తర్వాత కూచోబెట్టి నాలుగు మాటలు మాట్లాడేవాళ్లు. చివరికి లేచి, "సరేలే, కబురు చేస్తాం" అనేవాళ్లు.

ఆ కబురు ఏ దారిన బయల్దేరేదో గానీ, కంబగిరి దాకా ఎప్పుడూ రాలేదు.

తిరిగి తిరిగి బుగ్గయ్య సామి మఠం చేరాడు. అదొక గుట్ట. పైన నీటి బుగ్గ, దాని పక్కన రెండు గదులు, ఒక వంటపాక. సామి అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. బుగ్గ దగ్గరుంటాడు గనక బుగ్గయ్య. గుట్ట దాటి పోయే కాలినడక యాత్రికులకు మధ్యాహ్నం పూట అన్నం పెట్టడం ఆ మఠం ఆచారం. కంబగిరి ఆ పొయ్యి అందుకున్నాడు, సామిని గురువన్నాడు. సామి అవుననలేదు, కాదనలేదు. ఒక చాప చూపించాడు.

యాత్రికులు తిని, చెయ్యి కడుక్కుని, వాళ్ల దారిన వాళ్లు పోతారు. వాళ్లు పోయాక కంబగిరి అరుగు మీద కూచుని గుట్ట కింది రోడ్డు చూసేవాడు. ఎవడైనా సైకిలు దిగి పైకి చూస్తే తటాలున లేచి నిలబడేవాడు. వాడు చెప్పు సరిచేసుకుని మళ్లీ సైకిలెక్కి పోయేవాడు. కంబగిరి మళ్లీ కూచునేవాడు.

అట్లాంటి రోజుల్లోనే టౌనులో ఒక కాలేజీ హాస్టలుకు వంట మాస్టరు కావాలని తెలిసింది. సోమవారం రమ్మన్నారు. ఆ టౌనులో అతను ఎక్కని గడప ఇక అదొక్కటే. అది కూడా కాదంటే, పొయ్యి తప్ప ఏమీ తెలియని మనిషి ఈ వయసులో ఇంకేం పని నేర్చుకుంటాడు?

ఆ మధ్యాహ్నం సామికి వడ్డించి, ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, నా వంటలో ఏం లోపముంది?"

సామి రెండు ముద్దలు తిన్నాడు. "ఏం ల్యాదు."

"మరి నన్నెందుకు వద్దంటారు? ఒక్కరన్నా మొగం మీద చెప్పరు గదా!"

సామి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "సోమవారం నువ్వు పోతావు. ఈడ పొయ్యి ఎవురు చూస్తారు? ఒక మనిషిని చూసిపెట్టు."

"నేనా?"

"నువ్వే చూడు. నువ్వే మాట్లాడు."

అడిగిందేమిటి, చెప్పిందేమిటి? కంబగిరికి చిర్రెత్తింది. అయినా గురువు మాట. యాత్రికుల చేత చుట్టుపక్కల ఊళ్లకు చెప్పి పంపాడు.

మొదట ఒకడు వచ్చాడు, పొద్దు వాలాక, పొయ్యి ఆరాక. వస్తూనే పండగలకు ఎన్నాళ్లు ఊరికి పంపుతారని అడిగాడు. వాణ్ని సాగనంపడానికి కంబగిరి పెద్దగా ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్నే మద్దిలేటి అనే అతను వచ్చాడు. ఇంచుమించు కంబగిరి ఈడే. మోకాళ్ల దాకా దుమ్ము. ఎవరూ చెప్పకుండానే బుగ్గ దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని పాకలో అడుగుపెట్టాడు. కంబగిరి కందిపప్పూ చింతచిగురూ చూపించాడు. మద్దిలేటి మాట్లాడకుండా పనిలో పడ్డాడు. చిగురును తొందరపడి వెయ్యలేదు. పప్పు ముప్పాతిక వంతు ఉడికిందాకా ఆగి, అప్పుడు వేశాడు. దించి పప్పుగుత్తితో ఎనిపి, తిరగమోత పెట్టి పక్కకు జరిగాడు.

కంబగిరి కాస్త నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంకొకరి చేతి వంట తిని ఎన్నాళ్లయిందో. ఈ మనిషే అని మనసులో ఖాయం చేసేసుకున్నాడు.

ఇద్దరూ పాకలో చల్లటి నేల మీద కూచున్నారు. ఏదో మాట కలపాలని అడిగాడు కంబగిరి.

"ఇంతకుముందు యాడ చేసినావన్నా?"

అంతే, చెరువుకు గండి పడింది.

మద్దిలేటి ఒక పెళ్లి వంటల కాంట్రాక్టరు దగ్గర చేశాడట. అంత నీచుడు ఈ భూమ్మీద లేడట. ఒక పెళ్లిలో మిగిలిన పెరుగును ఆయన ఇంకో పెళ్లికి ఎట్లా చేరవేస్తాడో చెప్పాడు. ఆయన పెళ్లాం నోరు ఎట్లాంటిదో, కొడుకు ఎవరి వెంట తిరిగేవాడో, మంచాన పడ్డ తల్లిని ఆ ఇంట్లో ఎట్లా చూసేవాళ్లో చెప్పాడు. చెప్తూ చెప్తూ దగ్గరికి జరిగాడు. మొహం కళకళలాడింది. మధ్యమధ్యలో ఏదో జ్ఞాపకం చేసుకుంటూ తలెత్తి పాక కప్పు వైపు చూస్తున్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం, అనుకున్నాడు కంబగిరి. రేపు ఇక్కణ్ణించి పోయి, మా సామి చిరుగు దుప్పటి గురించీ, ఆయన దగ్గు గురించీ, మఠం బియ్యంలో రాళ్ల గురించీ ఇంకెవరి ముందో ఇట్లాగే కూచుని చెప్తాడు.

అతను లేచాడు. ఆ మాట దానంతటదే నోటికి వచ్చింది.

"సరేలే అన్నా, కబురు చేస్తాం."

మద్దిలేటి మొహం చిన్నబోయింది. తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని గుట్ట దిగాడు. ఎవరి వీపు వారికి కనపడదంటారు. కంబగిరి అతని వీపును దారి మలుపు దాకా చూసి, వడ్డనకు విస్తళ్లు సర్దుకోసాగాడు.

సామి మొదటి ముద్దకే తలెత్తాడు.

"ఇది నీ చెయ్యి కాదు."

"ఒకాయన వచ్చినాడు సామీ."

"బాగుంది. ఏమంటివి?"

"కబురు చేస్తామంటి."

"చేస్తావా?"

కంబగిరి నీళ్ల చెంబును అటు నుంచి ఇటు జరిపాడు. "అది కాదు సామీ, ఆయప్ప..."

సామి ఎడంచెయ్యి ఎత్తాడు. "నాకెందుకు చెప్తావు? నువ్వు వద్దనింది నన్నా?"

ఆయన సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఒక విస్తరిలో అన్నం పెట్టి, దాని మీద ఆ పప్పే వేసి, మడిచి నారతో కట్టాడు. ఆ పొట్లం తెచ్చి కంబగిరి చేతుల్లో పెట్టాడు.

"ఆయప్పను తిననీ. తిన్నాక చెప్పు."

గుట్ట కింద రోడ్డు మీద ఒక కల్వర్టు ఉంది. బస్సు కోసం ఆగేవాళ్లు దాని గోడ మీద కూచుంటారు. ఆ ఎండలో మద్దిలేటి ఒక్కడే ఉన్నాడు. బస్సు వచ్చే వైపు కాదు, గుట్ట వైపు చూస్తున్నాడు. కంబగిరి కనపడగానే తటాలున లేచి నిలబడ్డాడు.

"కబురా అన్నా?"

ఆ లేవడం కంబగిరికి బాగా తెలుసు.

"ముందు తినన్నా," అన్నాడు.

మద్దిలేటి తన చేతి పప్పే తను మెల్లగా తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తిని, విస్తరి మడిచి, కంబగిరి మొహంలోకి చూశాడు.

"నీ వంటకు వంక ల్యాదన్నా," అన్నాడు కంబగిరి.

"అందరూ అదే అంటారు."

"నువ్వు ఆ కాంట్రాక్టరు గురించి..."

ఒక మెస్సులో యజమాని ముందు కూచుని, మళ్లీ మళ్లీ మరిగించిన నూనె గురించీ, బొద్దింక గురించీ, బామ్మర్ది కొడుకు గురించీ, హోటలాయన రెండో కాపురం గురించీ చెప్తున్న మనిషి ఒకడు అతనికి కనపడ్డాడు. క్యాంటీనులోనూ వాడే. పెళ్లి వంటలవాళ్ల ముందూ వాడే. వినేవాళ్లు కుర్చీ వెనక్కి జరుపుకోవడం, గడియారం చూడడం అప్పుడు కనపడలేదు. ఇప్పుడు కనపడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అయినా చెప్పాడు. "నువ్వు చెప్తాంటే నాకు భయమేసిందన్నా. రేపు మా సామి గురించి గూడా ఇట్లే చెప్తావని."

మద్దిలేటి మడిచిన విస్తరిని పక్కన గోడ మీద పెట్టాడు.

"అన్నీ నిజాలే అన్నా."

"నిజాలే అయ్యుంటాయి," అన్నాడు కంబగిరి. "నావీ నిజాలే."

మద్దిలేటి అర్థం కానట్టు చూశాడు. తర్వాత ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఇంట్లో ఎవురూ ల్యారన్నా. పనికి పోయిన కాడే ఎవురో ఒకరు అడుగుతారు, యాడ చేసినావు, ఏమయిందని. అడిగినోళ్లకు చెప్పకపోతే, ఇంగ ఎవురికి చెప్పేది?"

కంబగిరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయి అతని పక్కన గోడ మీద కూచున్నాడు.

"నాకు చెప్పు," అన్నాడు.

మద్దిలేటి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి మెల్లగా చెప్పాడు. కాంట్రాక్టరు పెళ్లాం సంగతి రాలేదు, కొడుకు సంగతి రాలేదు. నలుగురి ముందు తనను ఏమన్నాడో అదొక్కటే చెప్పి ఆగిపోయాడు. అది అయ్యాక కంబగిరి మొదలుపెట్టాడు. అతనిదీ ఎంతోసేపు పట్టలేదు. బస్సు వచ్చి వాళ్ల ముందు నెమ్మదించింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యెత్తకపోయేసరికి వెళ్లిపోయింది.

"ఆ పప్పు నీకు ఎవురు నేర్పినారన్నా?" అని అడిగాడు కంబగిరి.

మద్దిలేటి మడిచిన విస్తరి వైపు చూశాడు.

"ఆ కాంట్రాక్టరే," అన్నాడు. "నీకు?"

కంబగిరి టౌను వైపు పోయే రోడ్డును చూశాడు.

పొద్దు వాలే వేళకు ఇద్దరూ గుట్ట ఎక్కారు. సామి అరుగు మీద కూచుని ఉన్నాడు.

"చెప్పినావా?"

"చెప్పినా సామీ."

"ఎవురికి?"

"ఇద్దరికీ సామీ," అన్నాడు కంబగిరి తల వంచుకుని. సామి మద్దిలేటికి ఒక చాప చూపించాడు.

సోమవారం హాస్టల్లో వార్డెను పప్పన్నం తిని, గిన్నె పక్కకు జరిపి, చెయ్యి కడుక్కోకుండానే మాటల్లో పడ్డాడు.

"ఇంతకుముందు ఎక్కడ చేసినావు?"

కంబగిరి హోటలు పేరు చెప్పాడు. "పదేళ్ల పైన చేసినా సార్. నాకు పప్పు ఎనపడం రాకుంటే, ఆ యజమానే నా చెయ్యి పట్టుకుని నేర్పించినాడు."

"మరి ఎందుకు మానేసినావు?"

"మాటా మాటా వచ్చింది సార్."

వార్డెను ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూశాడు. ఏమీ రాకపోయేసరికి, పప్పు గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.