ఓబులేసు చెప్పిన మాట

కొండమీది ఆశ్రమానికి ఉన్నది ఒక్కటే పికప్ బండి. పొద్దున లేచి చూస్తే దాని బ్యాటరీ చచ్చిపోయి ఉండేది. నలుగురు తోస్తే తప్ప కదిలేది కాదు. ఒకనాడు కింది ఊరి ఆసుపత్రికి చేర్చాల్సిన ముసలామెను ఎక్కించాక కూడా అదే వరస. వాళ్లు తోస్తున్నంతసేపూ లోపల ఆమె నొప్పితో మూలుగుతూనే ఉంది.

బండి వ్యవహారమంతా శిష్యుడు కోదండానిది. ఆశ్రమానికి రాకముందు డిప్లొమా చదివాడు. ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు. ఆ రోజు భోజనాల పంక్తిలో డ్రైవరు ఓబులేసును నిలదీశాడు.

"రాత్రిళ్లు బండిలో పడుకుని పాటలు వింటున్నావు కదూ?"

"లేదు సామీ. బండి ఊరికే నిలబడినా సీటు వెచ్చగా ఉంటాది. ఒకసారి చూడండి."

"నువ్వు పడుకుంటే వెచ్చగా ఉండదా మరి?"

అందరూ నవ్వారు. ఓబులేసు చెయ్యి కడుక్కుని, తాళంచెవి గట్టుమీద పెట్టి కొండ దిగిపోయాడు. విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది.

అతను వెళ్లాక కూడా బ్యాటరీ చస్తూనే ఉంది. కోదండం కొత్తది వేశాడు. అదీ అంతే. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు, లైట్లన్నీ వెతికాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. అతనికి అన్నం సహించడం మానేసింది. చివరికి ఒకనాడు తెల్లవారుతూనే వెళ్లి గురువు పూర్ణయ్యస్వామి ముందు కూర్చున్నాడు.

"తప్పు ఓబులేసుది కాదని తెలిసిపోయింది స్వామీ. మరి ఎక్కడుందో తెలియడం లేదు."

గురువు లేచి బండి దగ్గరికి నడిచాడు. మంచు ఇంకా విడవలేదు. తలుపు తీస్తే డ్రైవరు సీటు మీద ఆశ్రమం పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది. అంత చలిలో అది ఏరుకున్న చోటు అదే.

గురువు పిల్లిని ఎత్తి భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో కోదండం మణికట్టు పట్టుకుని, అతని అరచేతిని సీటు కింద పెట్టాడు.

అక్కడ మైకు పెట్టె ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఊరూరా గురువుగారి ప్రవచనాలు వినిపించడానికి కోదండం తన చేతులతో బిగించిన పెట్టె అది. బండి ఆపినా గురువు మాట ఆగకూడదని, ఫ్యూజుల జోలికి పోకుండా తీగను నేరుగా బ్యాటరీకే కలిపాడు. ఊళ్లు తిరిగొచ్చాక శబ్దం పూర్తిగా తగ్గించి, ఆపేశాననుకునేవాడు. పెట్టె మాత్రం రాత్రంతా బ్యాటరీని తాగుతూనే ఉండేది.

"అతను చెప్పాడు స్వామీ," అన్నాడు కోదండం. "సీటు వెచ్చగా ఉందని చెప్పాడు."

"ఆ తీగ పీకెయ్యి. నన్ను వినిపించింది చాలు."

ఆ రోజే కోదండం బండి వేసుకుని ఓబులేసు ఊరు వెళ్లాడు. పొద్దు వాలేవేళకు ఒక్కడే తిరిగొచ్చాడు. గురువు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"కనబడ్డాడా?"

"కనబడ్డాడు స్వామీ. మంచం వాల్చాడు, మజ్జిగ ఇచ్చాడు. ముసలామెకు ఎట్లుందని అడిగాడు."

"వస్తానన్నాడా?"

"బండి బాగయింది కదా సామీ, ఇంక నాతో ఏం పని, అన్నాడు."

గురువు అరుగు మీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.

"తిట్టి ఉంటే బాగుండేది నాయనా," అన్నాడు.